పెత్తనం దిగాక

మంత్రాలయానికి వచ్చే జనంలో కొత్తగా రిటైరైనవాళ్లను గుర్తుపట్టడం తేలిక. క్యూలో నిలబడినా, భోజనశాలలో కూర్చున్నా వాళ్లు మొదట అడిగే మాట "ఇక్కడ ఇన్‌ఛార్జి ఎవరండీ?" అని. ముప్పై ఏళ్ల అలవాటు, అంత త్వరగా పోదు. రాయరి (రాఘవేంద్రస్వామి) దర్శనం అయ్యాక తుంగభద్ర మెట్ల మీద కూర్చుని మాటలు కలుపుతారు. "బాధ్యతలన్నీ తీరిపోయాయమ్మా, ఓ గది చూసుకుని ఇక్కడే ఉండిపోదామనుకుంటున్నాం" అంటారు. కొందరు నిజంగానే వచ్చేస్తారు. వచ్చినవాళ్లలో చాలామంది ఏడాది తిరక్కముందే సామాను సర్దుకుంటారు. ఎండ తట్టుకోలేకపోయామని ఒకరు, మనవడు బెంగ పెట్టుకున్నాడని ఒకరు చెబుతారు. అసలు కారణం నాకు తెలుసు. మధ్యాహ్నం భోంచేశాక ఏం చెయ్యాలో వాళ్లకు తోచలేదు.

నేను ఈ చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా ఆయన రైల్వేలో చేశారు. ఇద్దరం ఈ ఊళ్లోనే ఉండిపోయాం. ఎట్లా ఉండగలిగామో, ఇతరులను చూసి ఏం తెలుసుకున్నామో రాస్తున్నాను. నంబర్లు వెయ్యడం టీచరమ్మ అలవాటు. ముందున్నది గొప్పదనీ వెనకున్నది చిన్నదనీ అనుకోవద్దు.

1. రిటైర్మెంటు కాగితం చూసి ముసలివాళ్లమయ్యామని అనుకోకండి

మన ఆంధ్రలో ప్రభుత్వోద్యోగి ఎప్పుడు ముసలివాడవుతాడో జీవో చెబుతుంది. 1983లో 58 ఏళ్ల విరమణ వయసును ఒక్కసారిగా 55 చేశారు. తర్వాత మళ్లీ 58కి తెచ్చారు. 2014లో 60 అయింది, 2022 జనవరి నుంచి 62. మా సీనియర్లు కొందరు 55కే దండలు వేయించుకుని ఇంటికొచ్చారు. ఇప్పటివాళ్లు అదే వయసులో ప్రమోషన్ల కోసం సీనియారిటీ జాబితాలు చూసుకుంటున్నారు. ఒంట్లో సత్తువ ఏమీ మారలేదు, మారింది అంకె ఒక్కటే.

కూలి చేసుకునేవాళ్లకు ఈ లెక్కే లేదు. వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకు 4000 రూపాయలు అయింది. ఒకటో తారీఖున ఆ డబ్బు కొంగున ముడేసుకుని, రెండో తారీఖున కలుపు తీయడానికి పోయే అవ్వలు మా వీధిలోనే ఉన్నారు. ఇంట్లో వంట చేసే ఆడదానికి కూడా విరమణ లేదు. నేను రిటైరైన సాయంత్రం బళ్లో శాలువా కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపారు. ఇంటికొచ్చి శాలువా మడిచిపెట్టి బియ్యం కడిగాను. మా ఆయన రిటైరైనప్పుడు మాత్రం ఇంట్లో చాలా రోజులు రేడియో తప్ప ఎవరూ మాట్లాడలేదు. అందుకే ముందే చెబుతున్నాను, కింది పాఠాల్లో కొన్ని మగవాళ్లకే ఎక్కువ అవసరం.

2. క్షేత్రంలో ఇల్లు తీసుకున్నంత మాత్రాన పొద్దు గడవదు

మొదట్లో గడుస్తుంది. పొద్దున్నే ముందు గ్రామదేవత మంచాలమ్మ దర్శనం, తర్వాత రాయరి బృందావనం, ప్రదక్షిణలు, మధ్యాహ్నం ప్రసాద భోజనం, సాయంత్రం రథోత్సవం. శ్రావణంలో ఆరాధన రోజులు వస్తే ఊరంతా తిరునాళ్లే, ఎవరికీ ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. ఆరాధన అయిపోయి బస్సులన్నీ వెళ్లిపోయాక అసలు పరీక్ష మొదలవుతుంది.

వెళ్లిపోయినవాళ్లకు భక్తి తక్కువైందని నేను అనను. నాకంటే నిష్ఠగా ఉండేవాళ్లను చూశాను. దేవుడి ముందు కూర్చున్న కాసేపూ బాగానే ఉంటారు. మిగతా పొద్దంతా తమ కోసం అడిగేవాళ్లు ఒక్కరూ లేకపోవడమే వాళ్లను తినేస్తుంది. నిలబడినవాళ్లందరూ ఏదో ఒక పని పట్టుకున్నవాళ్లే. ఒకాయన దారి తెలియని ముసలివాళ్లను ఆటో మాట్లాడి మంత్రాలయం రోడ్డు స్టేషన్‌దాకా దిగబెడతాడు. బ్యాంకులో పెద్ద హోదాలో చేసినావిడ పూలు కడుతుంది.

రాయరి జీవితమే చూడండి. 1621లో తంజావూరులో సన్యాసం తీసుకున్నారు. 1671లో ఇక్కడ బృందావన ప్రవేశం చేశారు, అంటే సజీవ సమాధి అయ్యారు. మధ్యలో యాభై ఏళ్లపాటు వ్యాఖ్యానాలు రాయడం, పాఠం చెప్పడం, ఊరూరా తిరగడం. అప్పుడు ఈ ఊరు మంచాల అనే పల్లె. ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ ఇంతకంటే సారవంతమైన ఊళ్లు ఇస్తానన్నా, రాయరు ఈ పల్లెనే అడిగారని ఇక్కడ చెప్పుకుంటారు. చివరిదాకా పని చేసిన మనిషి దగ్గరికి మనమంతా ఊరికే కూర్చోవడానికి వస్తున్నామని మా ఆయనతో అంటుంటాను. ఆయనకు ఆ మాట నచ్చదు. అయినా ఆ మాట అన్నాకే గురువారాలు అన్నదానం దగ్గర వడ్డనకు వెళ్లడం మొదలుపెట్టారు.

3. తాళాలు మనమే ఇవ్వాలి, ఒకేసారి అన్నీ ఇవ్వకూడదు

రాయరు బృందావనానికి ముందే పీఠం యోగీంద్ర తీర్థులకు అప్పగించారు. మాట్లాడే శక్తి ఉండగా, అందరి ముందూ, సందేహం లేకుండా. మన ఇళ్లలో ఇది జరగదు. బీరువా తాళం తలగడ కింద పెట్టుకుని పడుకునే తాతలు, కోడలు ఎంత ఉప్పు వేసిందో చూడటానికి పొయ్యి దగ్గరే కాపురం ఉండే అత్తలు నాకు చాలామంది తెలుసు. వాళ్లకు లోపల ఎదగడం గురించి చెప్పడం దండగ. ఉప్పు మీద పెత్తనం వదిలితేగా తర్వాతి సంగతి!

దీనికి రెండో పక్క కూడా ఉంది. ప్రేమ పొంగిన రోజున ఉన్న పొలమంతా రాసిచ్చేసి, తర్వాత రెండు పూటలా తిండికి చెయ్యి చాచినవాళ్లు ఈ మండలాల్లో తక్కువేం లేరు. అందుకని నేను అడిగినవాళ్లకల్లా ఇదే చెబుతాను. వీలునామా రాయండి. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీరు సంతకం పెట్టాలి, మీ ఎదుట ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. బతికుండగానే ఆస్తి రాసివ్వాలనుకుంటే, నన్ను పోషించాలనే షరతు ఆ దస్తావేజులోనే రాయించుకోండి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. షరతు రాసి ఉండి, పిల్లలు చూడకపోతే ఆ దానాన్ని రద్దు చెయ్యమని ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. వైరాగ్యం గురించిన వ్యాసంలో ఆర్డీవో ఎందుకని అనిపించవచ్చు. రేపటి కూటికి భయం ఉన్న మనిషికి ధ్యానం కుదరదు.

4. సుగ్గి కాలంలో మా అవ్వలను చూడండి

ఈ పాఠం కొంచెం పెద్దది. నాకు తెలిసినదంతా ఇందులోనే ఉంది.

దసరా, దీపావళి వెళ్లాక కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల పల్లెల్లోకి వెళ్లి చూడండి. వీధికి వీధి తాళాలు వేసి ఉంటుంది. పక్కనే నది పారుతున్నా చాలా పొలాలకు వానే దిక్కు, కాలువ చివర ఊళ్లకు నీళ్లు అందడమూ అంతంతే. పంట చేతికి రాకపోతే అప్పు మిగులుతుంది. అప్పుడు జనం సుగ్గికి, అంటే వలస కూలికి, బయలుదేరతారు. పత్తి తీయడానికి, మిరపకాయ కోతలకు గుంటూరు వైపు, తెలంగాణ వైపు పోతారు. కొందరు బెంగళూరులో కట్టడాల పనికి పోతారు. గిన్నెలు, జొన్నలు, పరుపులు, మేకపిల్లతో సహా లారీ ఎక్కుతారు. మళ్లీ ఉగాది దగ్గర పడేదాకా రారు.

పిల్లలను వెంట తీసుకుపోతే చదువు పోతుంది. ప్రభుత్వం బళ్లలో సీజనల్ హాస్టళ్లు పెడుతుంది, కొందరు వాటిలో ఉంటారు. చాలామంది పిల్లలు ఇంట్లోనే అవ్వ దగ్గర ఉండిపోతారు. ఆ నాలుగైదు నెలలూ ఆ ఊరిని నడిపేది డెబ్బై ఏళ్ల ఆడవాళ్లు. రేషన్ తేవడం, నీళ్లు మోయడం, జొన్నరొట్టె తట్టడం, పిల్లకు జ్వరం వస్తే భుజాన వేసుకుని ఆసుపత్రికి నడవడం, రాత్రిపూట ఫోనులో కొడుక్కి "అంతా బాగుండాం, నువ్వు పైలం" అని చెప్పడం. లోపల ఏమీ బాగుండకపోయినా గొంతులో ఆ సంగతి తెలియనివ్వరు.

వాళ్లలో ఒకావిడను ఒకసారి అడిగాను, ఈ వయసులో ఇంత చాకిరీ విసుగు రాదా అని. ఆవిడ రొట్టె తిప్పుతూ, "ఇసుగొచ్చి పండుకుంటే ఈ పిల్లోళ్లకు బువ్వ ఎవురు పెడతారు టీచరమ్మా?" అంది. ఇంకేం మాట్లాడలేదు. మలివయసులో బతుక్కి అర్థం ఏమిటని పుస్తకాలు రాస్తున్నారు, పట్నాల్లో శిబిరాలు పెడుతున్నారు. ఆ అవ్వకు ఆ ప్రశ్నే తెలియదు. పొద్దున్న ఆవిడ లేవకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

అయితే దీన్ని చూసి మురిసిపోయేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. "పల్లెల్లో పెద్దవాళ్లు ఎంత హాయిగా, ఉపయోగంగా ఉంటారో" అని ఓ పెద్దమనిషి నా దగ్గరే అన్నాడు. హాయి ఎక్కడ? ఇది కరువు నెత్తిన పెట్టిన బరువు. ఆ రొట్టెలు చేసే అవ్వకు కంట్లో శుక్లం ఉంది, కోడలు వచ్చేదాకా ఆపరేషన్ చేయించుకోవడానికి వీల్లేదు. పని అనేది మనిషిని నిలబెడుతుంది, నిజమే. మోయలేని పని అదే మనిషిని కూల్చేస్తుంది. ఒకరికి పని లేక జబ్బు, ఇంకొకరికి పని ఎక్కువై జబ్బు. ఇద్దరూ ఒకే మండలంలో, ఒకే వయసులో ఉన్నారు. పని లేనివాళ్లు పని ఎక్కువైనవాళ్ల ఇంటిదాకా నడిచి వెళ్లడమే తక్కువైంది.

నేను చేసింది ఆ నడకే. సాయంత్రం బడి విడిచాక మా అరుగు మీద సుగ్గి పిల్లలను కూర్చోబెట్టి చదివించడం మొదలుపెట్టాను. ఎక్కాలు, డిక్టేషన్, పెద్దపిల్లలకు పదో తరగతి పాఠాలు. మధ్యలో బొరుగులు పెడతాను, చదువుకంటే వాటికే ఎక్కువమంది వస్తారని మా ఆయన హాస్యమాడతారు. రానీ. ఆ రెండు గంటలూ అవ్వకు వీపు వాల్చే వీలు దొరుకుతుంది. ఓసారి జలుబు చేసి మానేస్తే మర్నాడు ఓ పిల్ల వాకిట్లో నిలబడి, "నిన్న ఎందుకు లేదు? నేను పలక కడుక్కోని వచ్చింటి" అని నిలదీసింది. సర్వీసులో ఏ ఇన్‌స్పెక్టరూ నన్ను అట్లా నిలదీయలేదు. అంత సంతోషం కూడా కలిగించలేదు.

5. అసలు పని రిటైరయ్యాక దొరకవచ్చు

రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారిది మన సీమే, అనంతపురం జిల్లా రాళ్లపల్లి. 1893లో పుట్టారు. మైసూరు మహారాజా కాలేజీలో దశాబ్దాలపాటు తెలుగు చెప్పి 1949లో విరమించారు. అప్పటికే పండితుడిగా పేరుంది, వేమన మీద ఉపన్యాసాలున్నాయి, ప్రాకృత గాథాసప్తశతిలోని గాథలను తెలుగు చేశారు. అక్కడితో ఆగినా ఎవరూ తక్కువ చేసి మాట్లాడేవాళ్లు కాదు.

తిరుపతిలో అన్నమయ్య రాగిరేకుల పని చూస్తున్న వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1950లో పోయారు. ఆ పనిలోకి శర్మగారు వచ్చారు. రేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది. ఎట్లా పాడాలో చెప్పే స్వరం లేదు. నాలుగు వందల ఏళ్లకు పైగా గొంతు లేకుండా పడున్న పాటలవి. తెలుగు తెలిసి, సంస్కృతం తెలిసి, సంగీతం లోతుగా తెలిసిన మనిషి కావాలి. అరవైకి దగ్గరపడిన శర్మగారు కూర్చుని సంపుటాలు పరిష్కరించారు, ఎన్నో కీర్తనలకు వరసలు కట్టి స్వరపరిచారు. ఈ రోజు ఏ పెళ్లిలోనో గుడిలోనో అన్నమయ్య పాట వినబడుతోందంటే అందులో ఆ రిటైరైన పంతులుగారి కష్టం ఉంది. 1979లో పోయేదాకా ఆయన సంగీతాన్ని వదల్లేదు.

నేను ఇందులో చూసేది ఒకటి. ఆయన కొత్తగా నేర్చుకున్నది బహుశా తక్కువే. చిన్నప్పుడు నేర్చిన సంగీతం, కాలేజీలో చెప్పిన తెలుగు, ఇష్టంగా చదివిన ప్రాకృతం, వేరువేరుగా ఉన్నవన్నీ ఒక పనిలో కలిశాయి. జీతం తెచ్చిన విద్య ఒకటుంటుంది, జీతానికి పనికిరాక పక్కన పెట్టిన విద్య ఇంకొకటుంటుంది. రిటైరయ్యాక ఆ రెండోదాన్ని బయటికి తియ్యండి. పాత ఉద్యోగాన్నే చిన్న ఎత్తున మళ్లీ చెయ్యాలని చూసేవాళ్లు, కాలనీ సంఘానికి అధ్యక్షులై ఫైళ్లు కుట్టేవాళ్లు, కొన్నాళ్లకే చిరాకు పడతారు.

6. అడగడం నేర్చుకోవాలి

ఇన్నాళ్లూ ఇచ్చిన చెయ్యి అడగడానికి చాచాలంటే ప్రాణం పోయినట్టుంటుంది. కడపలో జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు దాన్ని జయించారు. ఇంగ్లీషు లెక్చరరుగా చేసిన మనిషి. తెలుగు నిఘంటువు వేసిన బ్రౌన్ దొర కడపలో ఉన్న బంగళా పాడుబడి మొండిగోడలు మిగిలితే, అక్కడ బ్రౌన్ పేర గ్రంథాలయం కట్టాలని పట్టుబట్టారు. అధికారులను అడిగారు, దాతలను అడిగారు, పాత పుస్తకాలూ తాళపత్రాలూ ఉన్నవాళ్లను అడిగారు. కాదన్నవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లారు. ఇప్పుడు కడపలో బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం నిలబడి ఉంది. 2006లో అది యోగివేమన విశ్వవిద్యాలయం చేతికి వెళ్లింది. శాస్త్రిగారు 2014లో పోయారు. ఎనభైల్లో కూడా ఆ వరండాలో ఆయన కనిపించేవారని కడపవాళ్లు చెబుతారు.

బ్రౌన్ కథ కూడా విరమణతో ఆగనివాళ్ల కోవదే. 1798లో పుట్టాడు, 1820లో కడప వచ్చాడు, వేమన పద్యాలు పోగు చేశాడు, నిఘంటువు వేశాడు. ఉద్యోగం వదిలి 1855లో ఇంగ్లండు వెళ్లిపోయాడు. చేసింది చాలనుకోవచ్చు కదా! 1865లో, అరవై ఆరేళ్లు పైబడి, లండన్ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ప్రొఫెసరయ్యాడు. ఆ ఊళ్లో తెలుగు నేర్చుకుంటామని వచ్చేవాళ్లు ఎందరుంటారు? అయినా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. శిష్యుల సంఖ్య చూసి పని మొదలుపెట్టేవాళ్లకు ఈ సంగతి పనికొస్తుంది.

7. విద్యార్థి బల్ల మీద కూడా కూర్చోండి

కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని 1908లో పత్రికలో రాసినందుకు జైల్లో పెట్టారు. కుర్రతనంలో అంత వేడి ఉన్న మనిషి తర్వాతి దశాబ్దాలన్నీ గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ ఇచ్చారు. పెద్దవాళ్లు చదువుకోవచ్చని, చదువుకోవాలని ఊరూరా చెప్పారు. మనం మాత్రం పెద్దయ్యాక చెప్పడమే మన హక్కనుకుంటాం.

నేను రిటైరయ్యాక కన్నడం చదవడం నేర్చుకున్నాను. ఈ ఊరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కన్నడంవాళ్లే. మాట అర్థమయ్యేది, రాత రాలేదు. నేర్పింది ఎనిమిదో తరగతి పిల్ల. వాళ్ల అమ్మది రాయచూరు వైపు. తప్పు చదివితే ఆ పిల్ల నవ్వేది, నేను కూడా నవ్వేదాన్ని. బళ్లో నేను పిల్లలను అంత తేలిగ్గా నవ్వనిచ్చానా అంటే, అనుమానమే.

నేర్చుకోవడానికే కాదు, చెప్పడానికీ వయసు అడ్డం కాదు. విశాఖలో చిలుకూరి శాంతమ్మగారి సంగతి చూడండి. 1929లో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పి 1989లో విరమించారు. తొంభై దాటాక, రెండు మోకాళ్లకూ ఆపరేషన్లయి చేతికర్రలతో నడుస్తూ, విజయనగరం దగ్గరి యూనివర్సిటీకి పాఠం చెప్పడానికి వెళ్లారు. ఆవిడతో ఎవరూ పోటీ పడనక్కర్లేదు. మోకాళ్ల నొప్పి అనే సాకును మాత్రం ఇకమీద కాస్త తగ్గించి వాడుకుందాం.

8. ఒళ్లు

ఒంటిని బట్టి పని కొలుచుకోవాలి. మా దగ్గర వేసవిలో పొద్దున తొమ్మిది దాటితే బయట తిరగొద్దు. బీపీ మాత్ర మర్చిపోవద్దు. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు, డాక్టరును అడగండి.

9. పోయినవాటి లెక్క

2009 అక్టోబరు 2న తుంగభద్ర పొంగి రాయరి మఠంలోకి, ఊళ్లోకి వచ్చింది. ఇళ్లు పోయాయి, గింజలు పోయాయి, ఫోటోలు పోయాయి. ఒకాయన సర్వీసు కాగితాలన్నీ బురదలో కలిసిపోయాయి. ఆయన మూలకు కూర్చుని ఉంటే, రాయడం వచ్చినవాళ్లు కావాలని ఎవరో పిలిచారు. ఎవరికి ఏం పోయిందో జాబితా రాయాలి. ఆయన పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. అందరిదీ రాశాక తన పేరు చివర రాసుకున్నాడు. దుఃఖం తీరిందా అని నేను అడగలేదు. రాత్రుళ్లు నిద్ర పడుతోందని మాత్రం ఆయనే చెప్పాడు.

భర్త పోయినవాళ్లకు, భార్య పోయినవాళ్లకు నేను చెప్పగలిగింది కూడా ఇంతే. ఓదార్పు మాటలు నా దగ్గర లేవు. ఎవరైనా పని మీద పిలిస్తే కాదనకండి.

10. లోపల ఎదిగామో లేదో ఎట్లా తెలుస్తుంది?

బి.ఎడ్. చదివినవాళ్లకు ఎరిక్సన్ గుర్తుండే ఉంటాడు. మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా చెప్పాడు. నడివయసులో తర్వాతి తరానికి ఏదైనా ఇవ్వగలగాలి, లేకపోతే మనిషి నిలవనీరు అవుతాడు. చివరి దశలో బతికిన బతుకును ఒప్పుకోగలగాలి, లేకపోతే నిరాశ. పరీక్షల కోసం బట్టీ పట్టాం, ఎనిమిది మార్కులు వచ్చాయి. మనకు ఎవరూ చెప్పనిది ఒకటుంది. ఎరిక్సన్ 1994లో పోయాక, తొంభై దాటిన ఆయన భార్య జోన్ ఆయన పుస్తకానికి తొమ్మిదో దశను చేర్చింది. 1997లో అది అచ్చయింది, ఆ ఏడే ఆవిడా పోయింది. ఎనభైలు, తొంభైలు ఎట్లుంటాయో అక్కడికి చేరినవాళ్లకే తెలుస్తుంది కదా, ఒళ్లు మాట వినకపోవడం, చిన్నప్పుడే గెలిచామనుకున్న భయాలు మళ్లీ రావడం. సిద్ధాంతం రాసిన ఇంట్లోనే దాన్ని తొంభై ఏళ్ల ఆడమనిషి దిద్దింది. ఆ సంగతి నాకు భలే నచ్చింది.

నేను పెట్టుకున్న కొలత వేరే ఉంది. నా తర్వాత మా బడికి వచ్చిన చిన్న టీచరు పద్యం చెప్పే తీరు నాకు నచ్చదు. ఫోనులో పాట పెట్టి పిల్లలతో పాడిస్తుంది. ప్రతిపదార్థం తర్వాత చెబుతుంది. ఆ అమ్మాయి ఎదురైనప్పుడు ఈ విషయం ఎత్తకుండా ఎంతసేపు ఉండగలనో చూసుకుంటాను. మొదట్లో రెండు నిమిషాలు కూడా కష్టమయ్యేది. ఇప్పుడు కాఫీ తాగి, కబుర్లు చెప్పుకుని, గేటుదాకా సాగనంపి రాగలుగుతున్నాను. మొన్న ఆ టీచరు దగ్గర చదివే పిల్లలే మా అరుగు మీద ఓ పద్యం గుక్క తిప్పుకోకుండా పాడారు. నాకు ఇప్పటికీ ఆ పద్ధతి నచ్చదు. పద్యం మాత్రం వాళ్లకు వచ్చింది.

మౌనవ్రతాలూ ధ్యానాలూ చేసేవాళ్లంటే గౌరవమే. అడగని సలహా మింగడం మాత్రం వాటన్నిటికంటే కష్టమని నా అనుభవం.

చివరగా ఒక పని. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, కోసిగి ప్రాంతాల్లో రిటైరై ఇంట్లో ఉన్న టీచర్లు, గుమాస్తాలు, నర్సులు, బ్యాంకువాళ్లు ఈ మాటలు చదువుతుంటే వినండి. ఈ దీపావళి వెళ్లాక దగ్గర్లోని పల్లె బడికి వెళ్లి హెడ్మాస్టరును ఒక్క ప్రశ్న అడగండి: ఎంతమంది పిల్లల అమ్మానాన్నలు సుగ్గికి పోయారు? పేర్లు రాసుకోండి. సాయంత్రం రెండు గంటలు ఆ పిల్లలను ఒక చోట కూర్చోబెట్టండి. నర్సు అయితే అవ్వల కళ్లు, బీపీ చూడండి. బ్యాంకులో చేసినవాళ్లు వాళ్ల పింఛను పాసుపుస్తకాలు చదివి పెట్టండి. ఇన్‌ఛార్జి ఎవరని అడగకండి. మొదటి వారం బొరుగులు మీరే తెచ్చుకోండి, రెండో వారం నుంచి అవ్వలే వేయించి పంపుతారు.